నలభై ఎనిమిదో కప్పు

జూన్ 3
ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర

వదిన గారికి నమస్కారం.

ఈరోజు పనులు: బట్టలు రెండు బకెట్లు ఉతికి ఆరేశాను. క్లిప్పులు ముప్ఫై ఆరు పెట్టాను, ముప్ఫై ఆరూ తిరిగి తీశాను. మీ తమ్ముడి చొక్కాలు నాలుగు ఇస్త్రీ చేశాను. అయిదోదానికి గుండీ ఊడింది కనుక పక్కన పెట్టాను. ఫ్యాను రెక్కలు తుడిచాను. ఇవన్నీ ఎనిమిదిన్నర లోపు. ఎనిమిది నలభై బస్సుకి విమానాశ్రయం వెళ్లి, తొమ్మిదిన్నర నుంచి మూడున్నర దాకా మీ కౌంటర్‌లో నిలబడి, అయిదింటికి ఇల్లు చేరాను. మిగిలిన పని: గుండీ.

మీ మడమకి ప్లేటు వేశారని, ఆరు నెలలు కాలు నేల మీద ఆనించకూడదన్నారని మీ అమ్మాయి చెప్పింది. ఫోన్ చేద్దామంటే మీకు సగం మాటలు వినిపించవు, మిగతా సగం మీ అల్లుడుగారికి వినిపిస్తాయి. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. మీరూ ఉత్తరమే రాయండి.

మీ ఉద్యోగం సంగతి. సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. ఆరు నెలలు మీ బదులు నేను నిలబడతానంటే ఒప్పుకున్నాడు. కానీ మెలిక పెట్టాడు. బయటి కౌంటర్ కాగితం ఒక్క రోజు తేడా వచ్చినా కొత్త మనిషిని పెట్టుకుంటానన్నాడు. వదినా, ఈ ఉద్యోగం పోతే మీకు ఆ గది అద్దె ఉండదు, అమ్మాయి ఇంట్లోనే ఉండిపోవాలి. మీరు పైకి ఏమీ అనరు కానీ, పదకొండేళ్లుగా మీ తాళంచెవి మీ కొంగునే ఉంది. అది ఇంకొకరి గోడకి తగిలించాల్సి రావడం నాకిష్టం లేదు. ఒక్క చెంచా కూడా తేడా రానివ్వను.

అక్కడి పద్ధతి నాకు అర్థమైనట్టు రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి. మన కొట్టు గోడకి అటూ ఇటూ ఉంది. ఇటువైపు బయటి కౌంటర్, సాగనంపడానికి వచ్చినవాళ్లకి. అటువైపు లోపలి కౌంటర్, తనిఖీ దాటి వెళ్లినవాళ్లకి. మధ్యలో వంటగది, అది లోపలి కిందే లెక్క. వంటగదికీ నాకూ మధ్య జానెడున్నర కిటికీ ఒకటి. కాఫీ మాస్టారు అందులోంచి కాఫీ ఇటు ఇస్తారు. ఇటునుంచి అటు ఏదీ వెళ్లకూడదు. బయటి కప్పులకి నీలం అంచు, లోపలి కప్పులకి గోధుమరంగు అంచు. నాకు అప్పజెప్పినవి నలభై ఎనిమిది నీలం కప్పులు. ఇక్కడే కడగాలి, ఇక్కడే ఎంచాలి, కాగితం మీద రాసి సంతకం పెట్టాలి.

తొమ్మిదేళ్లుగా చక్కెర మానేసిన మనిషిని తీసుకెళ్లి చక్కెర డబ్బాకి కాపలా పెట్టారని మీ తమ్ముడు నవ్వుతున్నారు.

ఇట్లు,
మీ మరదలు


జూన్ 9
అమ్మాయి ఇంటి నుంచి, మేడ మీది గది

లెక్కలమ్మకి ఆశీస్సులు.

క్లిప్పులు లెక్కపెట్టే పిల్లని చూసి మరీ మా వాడికి కట్టబెట్టింది నేనే. ఇప్పుడు అనుభవించడం నా వంతయింది. ఆ గుండీ కుట్టావా?

పద్ధతి బాగానే అర్థమైంది నీకు. మనుషుల గురించి చెబుతాను విను. బయటి కౌంటర్‌కి వచ్చేవాళ్లు కాఫీ కోసం రారు. గేటు దాటి వెళ్లిన మనిషి ఇంకొక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడేమోనని వస్తారు. ఊరికే నిలబడితే గార్డు కదలమంటాడు. చేతిలో కప్పుంటే అనడు. అంతే. కాబట్టి కప్పు ఖాళీ అయినా తియ్యకు. తుడిచే గుడ్డ పట్టుకుని పక్కన నిలబడకు. నీకు ఆ అలవాటుంది. మీ ఇంట్లో అన్నం తింటుంటేనే కంచం కింద తుడుస్తావు.

కాఫీ మాస్టారు మంచివాడు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. మాట తక్కువ. అలిగాడనుకోకు, అతని మొహమే అంత.

ముఖ్యమైన సంగతి. పదిన్నరకి ఒకావిడ వస్తుంది. మన ఈడే, టైలరింగ్ షాపులో పాతబట్టలకి కొలతలు మార్చే పని. మేమంతా రెండు కప్పులావిడ అంటాం. కిటికీ పక్క మూల స్టూల్ ఆవిడది, పదింబావు నుంచి ఎవర్నీ కూర్చోనివ్వకు. రెండు కాఫీలు ఇవ్వు. చక్కెర డబ్బా ముందు పెట్టు. తొందరపెట్టకు. ఏమీ అడక్కు. నీ పని నువ్వు చూసుకో.

కాలు నొప్పిగానే ఉంది. అల్లుడు మంచివాడే. బాత్రూముకి వెళ్లాలన్నా ఇద్దరు లేచి వస్తారు. అదే బాధ.

వదిన


జూన్ 24
ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర

వదిన గారికి,

పనులు: దుప్పట్లు మూడు ఉతికాను. వంటగది గట్టు కింద సున్నం రాలితే ఎత్తాను. మీ గదికి వెళ్లి కిటికీలు తెరిచి, ఊడ్చి, తాళం వేసి వచ్చాను. కుండీకి నీళ్లు పోశాను. గుండీ కుట్టాను.

మీరు చెప్పింది నిజం. నిన్న ఒక తండ్రి గంటన్నర నిలబడ్డాడు, ఖాళీ కప్పుతోనే. అద్దంలోంచి కూతురు కనిపించడం మానేసి అప్పటికే గంటయింది. నేను గుడ్డ చేతిలోకి తీసుకోలేదు. సింకు వైపు తిరిగి నిలబడ్డాను.

ఇప్పుడు నన్ను తినేస్తున్న విషయం. పొద్దున నేను వెళ్లేసరికి నీలం కప్పులు నలభై ఎనిమిది ఉంటాయి. నలభై ఏడు అలమరలో, ఒకటి మాత్రం కిటికీ గట్టు మీద సాసర్‌లో బోర్లించి ఉంటుంది. సాయంత్రం ఎంచితే నలభై ఏడే. మర్నాడు పొద్దున మళ్లీ నలభై ఎనిమిది. మొదట్లో నా లెక్క తప్పనుకున్నాను. అయిదు అయిదుగా పెట్టి ఎంచాను, నాలుగు నాలుగుగా పెట్టి ఎంచాను. రోజూ అదే. మొదటి మూడు రోజులూ కాగితం మీద నలభై ఎనిమిది అని రాశాను, పొద్దున ఉంటాయి కదా అని. నా చేత్తో నేను అబద్ధం రాసి సంతకం పెట్టడం ఇదే మొదటిసారి. మూడు రోజులూ అన్నం సరిగా సయించలేదు. నాలుగో రోజు నుంచి ఉన్నదే రాస్తున్నాను. సూపర్‌వైజర్ ఇంకా చూసినట్టు లేదు, వచ్చే నెల పదో తారీకుకి చూస్తాడట.

వదినా, రెండు కప్పులావిడ మీద నాకు అనుమానంగా ఉంది. రెండు కాఫీలు తీసుకుంటుంది. ఆవిడ వెళ్లాక స్టూల్ దగ్గర ఒక కప్పే ఉంటుంది. ఒళ్లో ఎప్పుడూ బట్టల సంచి. పొద్దున కప్పు మళ్లీ ఎలా వస్తుందో మాత్రం తెలియడం లేదు. రాగానే ఆవిడ ముందు ఆ బోర్లించిన కప్పు వైపే చూస్తుంది. చూశాకే కూర్చుంటుంది. ఒకసారి, మీకూ మా వదినకీ స్నేహమా అని ఆవిణ్ణి అడిగాను. అడగొద్దన్నారని తెలుసు. ఆవిడ నవ్వి, నా జాకెట్టు భుజం దగ్గర కుట్టు విడిపోయిందని చెప్పి, అక్కడే సూది తీసి వేసిచ్చింది. దొంగతనం చేసే మనిషిలా లేదు. కానీ కప్పు లేదు.

ఏం చెయ్యమంటారు?

మీ మరదలు


జూన్ 29
అమ్మాయి ఇంటి నుంచి

ఏమే,

ఆవిడ దొంగ కాదు. ఇంకోసారి ఆ మాట రాయకు.

ఒక కప్పు సంగతి వదిలెయ్. పదకొండేళ్లు ఆ కౌంటర్ చూసినదాన్ని చెబుతున్నాను. సాయంత్రం నలభై ఏడున్నా నలభై ఎనిమిదని రాయి. నేను అలాగే రాసేదాన్ని. పొద్దున వస్తుందిగా. నీకు నా మీద గౌరవం ఉంటే ఇంతకు మించి అడక్కు. అన్నీ కాగితం మీద పెట్టే సంగతులు కావు.

అమ్మాయి పిలుస్తోంది.

వదిన


జూలై 5
అమ్మాయి ఇంటి నుంచి, మేడ మీది గది

ఏమే,

మొన్నటి ఉత్తరం వేశాక ఆరు రోజులుగా మనసు మనసులో లేదు. వదిలెయ్ అంటే వదిలే మనిషివి కాదు నువ్వు. మీ పెళ్లయిన కొత్తలో వంటింట్లో ఒక గరిటె కనిపించకపోతే మూడు రోజులు ఇల్లంతా తిరగేశావు. అందుకే చెప్పేస్తున్నాను. చదివి చించెయ్. నీ లెక్కల పుస్తకంలో రాయకు.

ఆవిడ మొగుడు లోపల ఉన్నాడు. గోడకి అవతల. ఏడు నెలలు కావస్తోంది. విమానం దిగాడు, కాగితాలు చెల్లవన్నారు, బయటికి రానివ్వలేదు. వచ్చిన చోటికి పంపుదామంటే వాళ్లూ మా వాడు కాదన్నారు. ఆయన ఫోన్ కూడా ఆ కాగితాలతోపాటే తీసుకున్నారు. ఫైలు ఎవరి బల్ల మీదో ఉండిపోయింది. మనిషి లోపల కుర్చీల్లో ఉండిపోయాడు. రోజూ ఒక చోట పడుకోడు. గడ్డం గీసుకుంటాడు, చొక్కా ఉతుక్కుంటాడు, ప్రయాణికుడిలాగే సూట్‌కేసు పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. లోపల ఊడ్చేవాళ్లకి, లోపలి కౌంటర్ వాళ్లకి తెలుసు. గార్డుల కంట పడితే ఏదో ఒక విమానం ఎక్కించేస్తారని ఎవరూ నోరు మెదపరు.

ఆవిడ బయట రెండు కాఫీలకి డబ్బు కడుతుంది. ఒకటి తాగుతుంది. రెండోదాంట్లో రెండు చెంచాల చక్కెర వేసి, తన చేత్తో కలిపి, కిటికీ గట్టు మీద పెడుతుంది. మాస్టారు అది లోపలికి తీసుకెళ్లి ఆయనకిస్తాడు. నేనే మొదలుపెట్టాను ఇది. డబ్బు కట్టండి, లోపలే కాఫీ ఇప్పిస్తాను అన్నాను మొదట. అదైతే తప్పు కూడా కాదు. ఆవిడ ఒప్పుకోలేదు. నేను కలపాలండీ అంది. పాతికేళ్లు కలిపిందట. ఇంకేం అనను?

కప్పు లోపలికి వెళ్తే ఆవిడ బాగున్నట్టు. ఖాళీ కప్పు పొద్దున గట్టు మీద బోర్లించి ఉంటే ఆయన బాగున్నట్టు. ఒక మాట మోసుకెళ్లినా మాస్టారికి నేరమే. కప్పుకి నోరు లేదు కదా అనుకున్నాం.

ఈ నెల ఇరవై ఆరున ఆయన అర్జీ విచారణ. వకీలు ఆశ ఉందన్నాడు. ఇంకో మూడు వారాలు, అంతే. నలభై ఎనిమిదని రాయి. నీకు నరకమని తెలుసు. రాయి.

వదిన


జూలై 6
ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర

వదిన గారికి,

పనులు: ఈరోజు ఇంటిపని సగమే అయింది. బట్టలు నానబెట్టి వదిలేశాను. కారణం రాస్తున్నాను, కోప్పడకుండా చదవండి.

మీరు వదిలెయ్యమన్నారు. చదివి రెండు రోజులు ఆలోచించాను. మీరు నలభై ఏడున్నా నలభై ఎనిమిదని రాసేవారంటే ఇన్నేళ్లూ ఎవరి తప్పో మీరు నెత్తిన వేసుకున్నారని అర్థమైంది. మీరు తిరిగి వెళ్లిన రోజున ఎవరైనా ఎంచితే ఆ దొంగతనం మీ మీద పడుతుంది. మీరు ఎవరినీ పట్టివ్వరు, మీ మంచితనం నాకు తెలుసు. కనుక ఆ పని నేను చెయ్యాలనుకున్నాను.

శుక్రవారం కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఓరగా చూశాను. ఆవిడ కప్పు సంచిలో వెయ్యలేదు. కిటికీ గట్టు మీద పెట్టింది. మాస్టారు దాన్ని లోపలికి లాక్కున్నారు. అంటే కప్పులు తీసుకెళ్తున్నది మాస్టారు. ఆవిడ తప్పేమీ లేదు, పాపం, రెండో కాఫీ తాగలేక అక్కడ పెడుతోంది. ఆయన అది లోపల ఎవరికో అమ్ముకుంటున్నారు. రిటైరయ్యే మనిషి ఇలాంటి పని చేస్తారనుకోలేదు.

ఇరవై ఆరు రోజులకి పట్టిక వేశాను. పొద్దుటి లెక్క, సాయంత్రం లెక్క, తేడా, కాఫీ తీసుకున్న సమయం. గీతలు స్కేలుతో కొట్టాను. నేను తప్పు రాసిన మొదటి మూడు రోజులకీ పక్కన నక్షత్రం గుర్తు పెట్టి దిద్దాను. ఈరోజు సూపర్‌వైజర్ చేతికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, ఇలాంటి మనిషి ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ అన్నాడు. మీ పేరు ఎక్కడా రాయలేదు. మా వదిన గారి స్థానం భద్రమేనా అని అడిగితే, ఎందుకు కాదు అన్నాడు.

మీ తమ్ముడికి చెబితే తల ఊపారు. పేపరు చదువుతూ ఊపారు కనుక లెక్కలోకి తీసుకోలేదు.

మీ ఉత్తరం ఈ వారం ఇంకా రాలేదు. కాలు ఎలా ఉంది?

మీ మరదలు


జూలై 10
ఇంటి నుంచి

వదినా,

మీ అయిదో తారీకు ఉత్తరం ఈరోజు అయిదింటికి, పని నుంచి రాగానే అందింది. గడపలో నిలబడి చదివాను. అక్కడే కూర్చుండిపోయాను. మీ తమ్ముడు వచ్చి లేవదీశారు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు అలా రాయడమే వచ్చు.

ఏడో తారీకున కెమెరాల వాళ్లొచ్చారు. బయటి కప్పు లోపలికి వెళ్లడం చూశారు. కప్పులు పోవడం ఎవరికీ పట్టలేదు. తనిఖీ కాని వస్తువు లోపలికి వెళ్లిందన్నదే వాళ్ల గొడవ. లోపల కప్పు ఎవరికి చేరుతోందో కెమెరాలో సరిగా కనిపించలేదట, ఒక స్తంభం అడ్డుంది.

ఎనిమిదో తారీకు పొద్దున సూపర్‌వైజర్ నాకో పని చెప్పాడు. గట్టు మీద ఎవరూ ఏదీ పెట్టకుండా చూసుకోమన్నాడు. పదిన్నరకి ఆవిడ వచ్చింది. రెండు ఇచ్చాను. రెండోది కలిపి, కప్పెత్తి గట్టు వైపు తిరిగింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఇది ఇక్కడ పెట్టకూడదండీ, రూలు అన్నాను. మర్యాదగానే అన్నాను. ఆవిడ నా చేతిని చూసింది. తర్వాత కిటికీని చూసింది. కప్పు కౌంటర్ మీద పెట్టి, చాలాసేపు కూర్చుని వెళ్లిపోయింది. ఆ కాఫీ సింకులో పారబోసి కప్పు కడిగాను.

సాయంత్రం ఎంచితే మొదటిసారి నలభై ఎనిమిది వచ్చాయి. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారంతా సంతోషంగా ఉన్నాను వదినా. అది కూడా మీకు తెలియాలి.

లోపలాయన ఆరోజు పన్నెండు దాకా లోపలి కౌంటర్ దగ్గర నిలబడ్డాడట. కప్పు రాలేదు. మాస్టారిని అప్పటికే వేరే గదిలో కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతున్నారు, చెప్పేవాళ్లు లేరు. ఆవిడకి ఏమైందోనని ఆయన భయపడ్డాడు. ఏడు నెలలుగా ఏ గార్డుకీ మొహం చూపించని మనిషి, నేరుగా గేటు దగ్గరికి వచ్చి, బయట కాఫీ కొట్టులో మూల స్టూల్ మీద నా భార్య ఉంటుంది, ఈరోజు వచ్చిందో లేదో కొంచెం చూసి చెప్పండి అని అడిగాడట. గార్డు టికెట్ చూపించమన్నాడు.

కెమెరా ఆయన్ని పట్టుకోలేదు. నేను ఆపిన కప్పు పట్టించింది.

నిన్న తెల్లారి విమానంలో ఎక్కించేశారు. ఏ ఊరికో మాస్టారికి కూడా తెలియదు. మాస్టారు ఈరోజు పెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. నన్ను చూసి, పట్టిక చాలా నీటుగా వేశారమ్మా అన్నారు. ఎగతాళి కాదు. అలసిపోయి అన్నారు.

మరదలు


జూలై 16
అమ్మాయి ఇంటి నుంచి

నీకు చెబితే పుస్తకంలో రాస్తావని చెప్పలేదు. అది నా తప్పు. వదిలెయ్యమంటే వదల్లేదు. అది నీ తప్పు. రెండూ పక్కపక్కన రాసుకో, స్కేలుతో గీత కొట్టు.

రెండు కాఫీలకీ రోజూ డబ్బు కట్టింది కదా ఆవిడ. కప్పు రోజూ తిరిగి వచ్చింది కదా. గోడకి రెండు వైపులా కలిపి ఎంచి ఉంటే ఒక్క కప్పూ తేడా లేదు. నువ్వు ఒక వైపే ఎంచావు.

నువ్వు నా కోసమే చేశావని తెలుసు. తెలియడం వల్ల నిన్ను తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది. మనసారా తిట్టుకుంటే కొంచెం నిద్రపట్టేది.

ఆవిడ వస్తోందా?


జూలై 28
ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర

వదిన గారికి,

వస్తోంది. రోజూ పదిన్నరకి.

కిటికీ మూసేశారు. చెక్క పలక పెట్టి బిగించారు. మరలు ఎనిమిది. ఇక ఇటువైపు కాఫీకి నాకో చిన్న మిషన్ ఇచ్చారు. మీట నొక్కితే వస్తుంది. ఆవిడ అదే స్టూల్ మీద కూర్చుంటుంది. రాగానే గట్టు ఉన్న చోటు వైపు చూస్తుంది, అక్కడ పలక ఉంటుంది. రెండు కాఫీలు తీసుకుంటుంది. ఒకటి తాగుతుంది. రెండోదాంట్లో రెండు చెంచాలు వేసి కలుపుతుంది. చాలాసేపు కలుపుతుంది. తర్వాత దాని వైపు చూస్తూ కూర్చుంటుంది. పదకొండున్నరకి సంచి భుజాన వేసుకుని వెళ్తుంది. నేను మీగడ కట్టిన ఆ కప్పు పారబోసి కడుగుతాను. సాయంత్రం నలభై ఎనిమిది. రోజూ నలభై ఎనిమిది.

ఇరవై ఆరున మాత్రం రాలేదు. విచారణకి వెళ్లింది. మర్నాడు వచ్చి, తనే చెప్పింది. మనిషి లోపల లేడు కనుక అర్జీ కొట్టేశారట. తీర్పు చదివిన గుమాస్తా మంచివాడేనట, మంచినీళ్లు ఇచ్చాడట. ఆయన దగ్గర్నుంచి కబురేమైనా ఉందా అని అడిగాను. లేదంది. ఎక్కడ దిగాడో, అసలు దింపారో లేదో కూడా తెలియదంది. ఇవన్నీ నాతో చెబుతుంటే, చెయ్యి అడ్డం పెట్టడమే కాదు, పట్టిక ఇచ్చింది కూడా నేనేనని చెప్పాలనిపించింది. మిషన్ తుడిచాను.

ఇంకొకటి. ఇది రాయకుండా దాచాలనుకున్నాను. దాచి బాగుపడింది లేదు మన ఇద్దరిలో. కెమెరాల వాళ్లు అడిగినప్పుడు మాస్టారు ఎవరి పేరూ చెప్పలేదు. కానీ పాత కెమెరాల్లో మీరు కనిపించారు. ఇక మీరు ఆ కౌంటర్‌లోకి రావడానికి వీల్లేదట. ఆ ఉద్యోగం నాకు ఖాయం చేస్తామన్నాడు సూపర్‌వైజర్. బహుమతిలాగా చెప్పాడు. నేను వారం గడువడిగాను. మీ గది ఇంటివాళ్లు కూడా అడుగుతున్నారు. ఏం చెప్పను?

నాకు ఆ కౌంటర్‌లో నిలబడటం ఇక చేతకాదు. మానేస్తాను వదినా.

మరదలు


ఆగస్టు 3
అమ్మాయి ఇంటి నుంచి

గది ఖాళీ చేసెయ్. మంచం ఎవరికైనా ఇవ్వు. కుండీ నువ్వు తెచ్చుకో. తాళంచెవి ఇంటివాళ్లకి ఇచ్చెయ్, నాకు పంపకు.

ఉద్యోగం మానకు. మానడం తేలిక. కొత్త మనిషి వస్తే, ఒక్కరే కదా రెండు కప్పులెందుకండీ అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఆవిడ వినకూడదు. నువ్వు అడగవు. నీకు తెలుసు కనుక అడగలేవు. అందుకు నువ్వే ఉండాలి. ఆవిడ ఎన్నాళ్లు వస్తే అన్నాళ్లు స్టూల్ వెయ్యి.

ఇక నాకు ఉత్తరాలొద్దు. రాయాల్సినంత పెద్ద సంగతి ఏమైనా ఉంటే రాయి. ఇంటిపనుల పట్టిక మాత్రం రాయకు. చదవలేను.


సెప్టెంబర్ 12
కొట్టు నుంచి, బయటి కౌంటర్, మధ్యాహ్నం

వదినా,

పట్టిక వద్దన్నారు, రాయడం లేదు. ఇది రాయాల్సిన సంగతే.

మీరు చెప్పినట్టు స్టూల్ వేస్తూనే ఉన్నాను. నిన్నటిదాకా. ఈరోజు ఆవిడ సంచి లేకుండా వచ్చింది. కాఫీలు తీసుకుంది, రెండోది కలిపింది. ఎప్పటిలా దాని వైపు చూడలేదు, నా వైపు చూసింది. కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. ఇక ఆగలేక చెప్పేశాను. పట్టిక వేసింది నేనేనని, ఇరవై ఆరు రోజులు ఎంచి ఇచ్చానని, ఆరోజు చెయ్యి అడ్డం పెట్టినప్పుడు నాకు ఏమీ తెలియదని. మీ పేరు కూడా చెప్పాను, మిమ్మల్ని అనుకోవద్దని.

ఆవిడకి తెలుసట. ఆ వారంలోనే మాస్టారు ఆవిడ ఇంటికి వెళ్లి చెప్పారట. తెలిసే రెండు నెలలుగా నా చేతి కాఫీ తాగింది.

ఎందుకు వస్తున్నారు మరి అని అడిగాను. ఆ మాట మొదటిసారి అడిగాను ఆవిణ్ణి. ఆయనకి తెలిసిన అడ్రసు ఇదొక్కటేనండీ అంది. తను మారిన ఇల్లు ఆయనకి తెలియదట. ఎక్కడి నుంచైనా కబురు పెడితే ఈ కొట్టుకే పెడతాడని వస్తోందట. ఇల్లు మారింది కూడా ఇక్కడికి ఒకే బస్సు ఉంటుందనే. ఇప్పుడు షాపు యజమాని పదిన్నర పూట పంపడం కుదరదన్నాడు. ఆయన్ని పంపేశాక కూడా రెండు నెలలు ఓపిక పట్టాడు, మంచివాడే అంది. ఈ కథలో అందరూ మంచివాళ్లే వదినా.

కబురొస్తే చెబుతాను, మీ షాపు అడ్రసు ఇవ్వండి అన్నాను. ఇచ్చింది. అట్ట మీద రాసి మిషన్‌కి అంటించాను. రాదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు నా పుస్తకం చూసింది. కౌంటర్ మీద తెరిచే ఉంది. జూలై పది నుంచి రోజూ చివరి గీత కింద ఒకే వాక్యం తిరిగి రాస్తున్నాను, ఇవ్వాల్సింది అని. తలకిందులుగానే చదివింది. కలిపిన కప్పు నా ముందుకి తోసింది.

“తాగండి,” అంది.

నాకు పడదని చెప్పలేదు. తొమ్మిదేళ్ల తర్వాత చక్కెర నాలిక మీద పడింది. నిలబడే తాగాను, అడుగుదాకా. ఆవిడ నేను తాగుతున్నంతసేపూ చూసింది. ఖాళీ కప్పు తీసుకుని సాసర్‌లో బోర్లించింది.

“ఇప్పుడు తీరిందని రాయండి,” అంది.

తీరలేదు కదండీ అన్నాను.

“నాకూ తెలుసు. రాయకపోతే మీరు రోజూ పదిన్నరకి నా కోసం చూస్తారు. నా కోసం ఇక్కడ ఇంకొకరు చూస్తున్నారంటే నేను రాకుండా ఉండలేను. రాయండి.”

పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. రాసేదాకా నిలబడింది. చదివి, భుజం దగ్గర తను వేసిన కుట్టు ఊడిందేమోనని ఒకసారి తడిమి చూసి, వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చేతిలో ఖాళీ కప్పుతో నిలబడ్డాను. గేటు దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు.

ఆ పేజీ చించి దీంతో పంపుతున్నాను. నా దగ్గర ఉంచుకోలేను. ఆవిడ చెప్పినట్టే రాశాను:

సెప్టెంబర్ 12. కప్పులు నలభై ఎనిమిది. ఇవ్వాల్సింది: లోపలాయనకి ఒక కాఫీ, చక్కెర రెండు చెంచాలు. తీరింది.